మనం పీల్చే నీళ్లు

(కంకిపాడులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆయన్ను ఈ చుట్టుపక్కల పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. డాక్టరుగారు అంటే ఆయనే. పునాదిపాడు నుంచో ఈడుపుగల్లు నుంచో వచ్చిన రోగి బల్ల మీద కూర్చోగానే ముందు జబ్బు సంగతి ఎత్తేవారు కాదట. ఇల్లు పాకా డాబానా, గొడ్లసావిడి ఎంత దూరం, నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు అని అడిగేవారట. స్టెతస్కోపు ఆ తరవాతే చెవికెక్కేది. ఊపిరితిత్తుల గురించి ఏదైనా మాట్లాడమని, ఆయన పేరిట నెలకొల్పిన ధర్మనిధి నిర్వాహకులు నన్ను కోరినప్పుడు, ఆ ప్రశ్నలతోనే సగం తేలిపోయే జబ్బు ఒకటి ఉంది, దాని గురించే చెబుదామనుకున్నాను. అది ఇంట్లో గాలిని తడిపే యంత్రాల వల్ల వచ్చేది. పడమటి దేశాల్లో ఆ యంత్రం హ్యుమిడిఫైయర్. మన దగ్గర దాని పెద్దన్న ఎయిర్ కూలర్.

తాగే నీళ్ల విషయంలో మనం చాలా దూరం వచ్చాం. కాలువ నీళ్లు కుండలో పోసి, చిల్లగింజ అరగదీసి, తేరుకున్నాక వడగట్టుకుని తాగిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఇవాళ ఇరవై లీటర్ల టిన్ను రాని ఇల్లు అరుదు. మూత సీలు ఊడి ఉంటే వెనక్కి పంపేస్తాం. అదే ఇంట్లో కూలరు ట్యాంకులో పదిహేను రోజుల నాటి నీళ్లు, అడుగున పాకుడు, మీద నాచు. ఆ నీటిని ఎవరూ తాగరు కాబట్టి ఎవరూ చూడరు. కానీ రాత్రి ఎనిమిది గంటలపాటు ఆ తడిలోంచి వచ్చే గాలినే ఇంటిల్లిపాదీ పీలుస్తారు. కడుపులోకి వెళ్లే నీటికి పెట్టిన కాపలా ఊపిరితిత్తుల్లోకి వెళ్లే నీటికి పెట్టలేదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

ముందు యంత్రం సంగతి చూద్దాం. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఒక లీటరుకు సుమారు 2,400 కిలోజూళ్ల వేడిని అది చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. తడి గడ్డిలోంచి వేడిగాలిని ఫ్యాను లాగితే గాలి చల్లబడుతుంది. కూలరంటే అంతే. నిఖార్సైన నీటి ఆవిరి సూక్ష్మజీవుల్ని మోసుకురాదు. చిక్కంతా గడ్డి దగ్గర ఉంది. మనం కూలరు గడ్డి అని కొనేది చెక్క తురుము. నెలల తరబడి తడిసి ఉండే చెక్క మీద బూజు పట్టడానికి వారం చాలు. ఆ బూజు బీజాలూ, బ్యాక్టీరియా ముక్కలూ, సన్నటి తుంపర్లూ గాలితోపాటు మంచం మీదికి వస్తాయి. ఇప్పుడు వచ్చే తేనెతుట్టె ప్యాడ్లు ఎక్కువ కాలం మన్నుతాయి. వాటిని ఆరనివ్వకపోతే వాటికీ బూజు పడుతుంది.

ఏసీ గదిలో పసిపిల్ల ముక్కు ఎండిపోతోందని ఈ మధ్య కొంటున్న చిన్న హ్యుమిడిఫైయర్లది మరో పద్ధతి. అందులో ఒక స్ఫటికపు పలక సెకనుకు పది లక్షల సార్లకు పైగా కంపించి నీటిని పొగలా చిమ్ముతుంది. కంటికి ఆవిరిలా కనిపించినా అది ఆవిరి కాదు, అతిసన్నని నీటి తుంపర. నీటిలో ఏముంటే అదంతా, సూక్ష్మజీవులూ లవణాలూ సహా, గాలిలోకి లేస్తుంది. మన బోరునీళ్లు పోస్తే టేబుల్ మీద తెల్లటి పొడి పేరుకునేది అందుకే. ఆ పొడి టేబుల్ దగ్గరే ఆగిపోదు కదా! జలుబు చేస్తే గిన్నెలో నీళ్లు మరిగించి ఆవిరి పట్టుకోవడం ఈ లెక్కలోకి రాదు. మరుగు సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. అక్కడ భయమల్లా పిల్లలు గిన్నె మీద పడి ఒళ్లు కాల్చుకోవడమే.

అయిదు మైక్రాన్ల కంటే చిన్న కణం ముక్కు వెంట్రుకల్నీ గొంతునీ దాటి చిట్టచివరి వాయుకోశాల దాకా చేరగలదు. ఆ వాయుకోశాలన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, మన భాషలో ఒకటిన్నర సెంటు పైన. ఒంటి మీద చర్మమంతా కలిపి రెండు చదరపు మీటర్లకు మించదు. పైగా చర్మానికి మందపాటి పైపొర ఉంది. వాయుకోశంలో గాలికీ రక్తానికీ మధ్య ఉన్న అడ్డు ఒక మైక్రాన్ కూడా ఉండదు. ఈ తేడాను గుర్తుంచుకోండి, కొరియా కథ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

బూజు కణాలు పీల్చిన ప్రతివాళ్లకూ జబ్బు రాదు. ఒకే గదిలో పడుకున్న నలుగురిలో ముగ్గురికి ఏమీ కాకపోవచ్చు. నాలుగో మనిషి ఒంట్లోని రక్షణ వ్యవస్థ మాత్రం ఆ కణాల్ని శత్రువులుగా గుర్తుపెట్టుకుంటుంది. అవి మళ్లీ వచ్చినప్పుడల్లా ఊపిరితిత్తిలోనే యుద్ధం మొదలుపెడుతుంది. దీన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమొనైటిస్ అంటాం. పీల్చిన నాలుగు గంటల నుంచి పన్నెండు గంటల్లో చలి, జ్వరం, పొడిదగ్గు, ఆయాసం, ఒళ్లునొప్పులు వస్తాయి. ఆ గాలికి దూరమైతే ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. అందుకే ఫ్లూ అనుకుంటారు. కొందరిలో ఇంత హడావిడి కూడా ఉండదు. దగ్గు సన్నగా నెలల తరబడి సాగుతుంది. మెట్లు ఎక్కితే వచ్చే ఆయాసం చదునునేల మీదికి దిగుతుంది. ఈలోపు ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడుతుంది. ఒకసారి కట్టిన మచ్చ మళ్లీ కరగదు.

ఈ జబ్బు కథ మొదట పొలంలో దొరికింది. ఇంగ్లండులోని వెస్ట్‌మోర్‌లాండ్‌లో వర్షానికి తడిసి బూజు పట్టిన ఎండుగడ్డి కదిలించిన కూలీల ఆయాసాన్ని 1932లో క్యాంప్‌బెల్ అనే వైద్యుడు రాసిపెట్టాడు. అది రైతు ఊపిరితిత్తి జబ్బుగా పుస్తకాలకెక్కింది. నిలవబెట్టిన చెరకు పిప్పి దుమ్ముతో వచ్చేదానికి బగాసోసిస్ అని పేరొచ్చింది. అప్పుడే గానుగలోంచి వచ్చిన పిప్పి ఏమీ చేయదు. తడిగా కుప్పపోస్తే లోపల వేడెక్కి, ఆ వేడిలో పెరిగే సూక్ష్మజీవుల వల్ల ప్రమాదం వస్తుంది. పక్కనే ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ ఉన్న మనకు పిప్పి కుప్పల్ని పరిచయం చేయక్కర్లేదు. గడ్డివాము సంగతి అసలే చెప్పక్కర్లేదు. తడి గడ్డిని వామి వేస్తే ముక్కిపోతుందని, లోపల చెయ్యి పెడితే కాలుతుందని, అందుకే ఎండబెట్టి వెయ్యాలని ఈ డెల్టా రైతుకు ఏ శాస్త్రవేత్తా నేర్పలేదు. పొలంలో అంత తెలిసిన మనం తడి గడ్డిని తెచ్చి కిటికీకి బిగించి, దాని ముందు మంచం వేసుకున్నాం.

గడ్డి నుంచి నీటికి ఈ కథ మారింది స్విట్జర్లాండ్‌లో. అక్కడ ఒక వడ్రంగి కార్ఖానాలో గాలిని తడిగా ఉంచే యంత్రంలో నీళ్లు బూజు పట్టి, పనివాళ్లు గుంపుగా జ్వరాల పాలయ్యారు. పెస్తలోజి అనే వైద్యుడు 1959లో ఆ సంగతి ప్రచురించాడు. 1970లో అమెరికాలో బనజాక్, ఆయన సహచరులు ఆఫీసులో ఎయిర్ కండిషనింగ్ యంత్రంలో చేరిన సూక్ష్మజీవుల వల్ల ఉద్యోగులకు ఇదే జబ్బు వచ్చిందని చూపించారు. ఆ తరవాత ఇళ్లలోని హ్యుమిడిఫైయర్ల వంతు వచ్చింది.

మన దేశం సంగతి 2017లో బయటపడింది. ఊపిరితిత్తి గట్టిపడే జబ్బుల మీద దేశంలోని 19 నగరాల్లో 27 ఆస్పత్రులు కలిసి ఒక పట్టిక తయారుచేశాయి. జైపూర్‌కు చెందిన డాక్టర్ షీతూ సింగ్, అమెరికాలో ఉండే డాక్టర్ గణేశ్ రఘు అందులో ముఖ్యులు. 2012 నుంచి 2015 దాకా కొత్తగా వచ్చిన 1,084 మంది రోగుల్ని పరిశీలిస్తే, అందులో 47 శాతానికి పైగా హైపర్‌సెన్సిటివిటీ న్యుమొనైటిస్సే. పడమటి దేశాల పట్టికల్లో ఇంత పెద్ద వాటా ఎక్కడా కనబడదు. ఆ రోగుల్లో దాదాపు సగం మంది, 48 శాతం, ఎయిర్ కూలర్ గాలికి అలవాటుపడినవాళ్లు. పావురాలూ ఇతర పక్షులూ, ఇంటిగోడల బూజూ దాని తరవాతే. ఇది పెద్దాస్పత్రుల ఛాతీ విభాగాలకు చేరిన రోగుల లెక్క, ఊరి జనాభా లెక్క కాదు. కూలరు ఉన్న ప్రతి ఇంటికీ దీన్ని అంటగట్టకూడదు. కానీ కారణం తెలియని ఆయాసంతో వచ్చిన మనిషిని ఇంట్లో కూలరుందా అని అడగకుండా పంపెయ్యడానికి ఇక సాకు లేదు.

ఆ నగరాల లెక్కలు మనకెందుకని ఎవరైనా అనొచ్చు. మన వాతావరణంలో ఇంకో మెలిక ఉంది. ఏప్రిల్, మే నెలల్లో పడమటి నుంచి పొడి వడగాలి వీచినప్పుడు కూలరు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ వడగాలి ఎంత పని చేస్తుందో 2015 మేలో చూశాం. రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. కాబట్టి కూలరు మానెయ్యమని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పను కూడా. ఏసీ బిల్లు కట్టలేని ఇంట్లో పెద్దవాళ్ల ప్రాణం నిలబెట్టేది అదే. కానీ బందరు వైపు నుంచి సముద్రపు గాలి తిరిగితే ఉక్కపోత మొదలవుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి గడ్డిలోని నీరు ఆవిరి కాదు. గది చల్లబడదు, చెమ్మగిల్లుతుంది. కూలరు పని చెయ్యట్లేదని తలుపులు, కిటికీలు ఇంకా బిగిస్తాం. గోడలు చెమ్మ పీల్చి మూలల్లో నల్లగా బూజెక్కుతాయి. కాలువలు కట్టేసిన రోజుల్లో నీళ్లకు ఇబ్బంది కాబట్టి ఉన్న నీటి మీదే కొత్త నీళ్లు పోస్తూ పోతాం. ఎడారి గాలి కోసం పుట్టిన యంత్రాన్ని డెల్టాలో వాడుతున్నాం. దాని జాగ్రత్తలు రెట్టింపు ఉండాలి.

ఈ జబ్బును గుర్తుపట్టడంలో పెద్ద అడ్డంకి క్షయ. నెలల తరబడి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తే మన దేశంలో ఎవరికైనా ముందు టీబీయే గుర్తొస్తుంది. అది తప్పు కాదు. కఫం పరీక్షలో సూక్ష్మజీవి కనబడకపోయినా, మందులకు గుణం కనబడకపోయినా అదే దారిలో నెలలు గడపడం మాత్రం తప్పు.

ఈ పాఠం తెలుగునేల మీదే ఎనభై ఏళ్లకు ముందే దొరికింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రిలో డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్-మోలర్, ఆయన సహచరుడు బార్టన్ ఒక సంగతి గమనించారు. క్షయ అని చేర్చుకున్న కొందరి కఫంలో క్షయ క్రిమి లేదు, రక్తంలో మాత్రం ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు విపరీతంగా ఉన్నాయి. అది క్షయను పోలిన వేరే జబ్బని 1940లో ప్రచురించారు. తరవాత దానికి ట్రాపికల్ ఇయోసినోఫీలియా అని పేరు స్థిరపడింది. బోదకాలు పురుగే దానికి కారణమని ఆనక తేలింది. రాత్రంతా దగ్గూ పిల్లికూతలతో కూర్చుండిపోయే ఆ జబ్బుకు మందు హెట్రజాన్. అది వచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో నడిచిన అమెరికా ప్రయోగశాల నుంచి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎందరో దాంతో బాగుపడ్డారు. క్షయ ఆస్పత్రిలోనే కూర్చుని ఇది క్షయ కాదేమో అని అనుమానించగలగడమే ఆ ఇద్దరు వైద్యుల గొప్పతనం. ఆ అనుమానం ఇవాళ కూలరు జబ్బుకు కావాలి. తేడా ఏమిటంటే, అక్కడ రక్తపరీక్ష దారి చూపింది. ఇక్కడ దారి చూపే ఏకైక రక్తపరీక్ష లేదు. ఛాతీ సీటీ స్కాన్‌లో కొన్ని గుర్తులుంటాయి. ఊపిరితిత్తి కడిగి తీసిన ద్రవంలో లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఎక్కువగా ఉంటాయి. కానీ కథను ముడివేసేది రోగి చెప్పే మాటే.

ఆ మాట ఎలా ఉంటుందో చెబుతాను. కోడలు పదిరోజులు పుట్టింటికి వెళితే దగ్గు తగ్గుతుంది, అత్తింటికి రాగానే మళ్లీ మొదలవుతుంది. ఇంట్లో వాళ్లు పని తప్పించుకోవడానికి వేషాలంటారు. నిజానికి ఆ అమ్మాయి ఒళ్లు డాక్టరు చేయాల్సిన పరీక్షను తానే చేసి ఫలితం చెబుతోంది. తిరుపతి ప్రయాణంలో కొండమీద హాయిగా నడిచిన పెద్దాయన ఇంటికొచ్చిన రెండో రాత్రికే ఆయాసపడతాడు. ఎండాకాలంలో మొదలైన దగ్గు వానలు పడి కూలరు అటకెక్కగానే మాయమై, మళ్లీ మార్చిలో తిరిగొస్తుంది. చోటు మారితే తగ్గే జబ్బుకు కారణం ఆ చోటులోనే ఉంటుంది. దాన్ని తొందరగా పట్టుకుంటే కూలరు తీసెయ్యడం, కొన్నాళ్లు స్టెరాయిడ్లు వాడటం సరిపోవచ్చు. మచ్చ కట్టాక నింటెడానిబ్ వంటి ఖరీదైన మందులు దాని వేగాన్ని తగ్గించగలవు, వెనక్కి తిప్పలేవు. పైగా నెలకింత అని ఖర్చు మీద పడుతుంది. ఆ ఖర్చును కొత్త గడ్డి ఖరీదుతో పోల్చి చూసుకోండి.

ఇప్పుడు కొరియా సంగతి. నీళ్లు పాడవుతాయి కదా, అందులో ఏదైనా మందు కలిపేస్తే పోలా అనే ఆలోచన అందరికీ వస్తుంది. దక్షిణ కొరియాలో ఆ ఆలోచన వ్యాపారమైంది. చలికాలంలో నేలను వేడిచేసే ఇళ్లలో గాలి ఎండిపోతుందని అక్కడ హ్యుమిడిఫైయర్లు విరివిగా వాడతారు. ట్యాంకులో కలిపే క్రిమిసంహారకం 1994లో మొదట బజారులోకి వచ్చింది. తరవాత చాలా కంపెనీలు దిగాయి. అందులో ఎక్కువగా అమ్ముడైన సరుకులో పీహెచ్ఎంజీ అనే రసాయనం ఉండేది. చర్మం మీద పడితే పెద్ద హాని లేదన్న ధీమాతో అమ్మారు. పీలిస్తే ఏమవుతుందో పరీక్షించలేదు. రెండు చదరపు మీటర్ల చర్మానికి ఇచ్చిన భరోసాను డెబ్భై చదరపు మీటర్ల ఊపిరితిత్తికి అప్పగించేశారు.

2006 నుంచే వసంతకాలంలో చిన్నపిల్లలు అంతుపట్టని ఊపిరితిత్తి జబ్బుతో రావడం అక్కడి పిల్లల డాక్టర్లు చూశారు. వైరస్ ఏమో అని వెతికారు, దొరకలేదు. 2011 వసంతంలో సియోల్‌లోని ఆసన్ ఆస్పత్రిలో గర్భిణులు, బాలింతలు వరసగా ఐసీయూలో చేరారు. ఆస్పత్రి ప్రభుత్వానికి కబురు పెట్టింది. ఇళ్లలో ఏం వాడారని అడిగి, జబ్బు లేనివాళ్లతో పోల్చి చూస్తే దారి హ్యుమిడిఫైయర్ మందు దగ్గరికి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 31న వాడకం ఆపమని ప్రకటించారు. నవంబరులో సరుకు వెనక్కి తీయించారు. కొత్త కేసులు ఆగిపోయాయి. ఆపగానే ఆగిందంటే అంతకుమించిన రుజువు ఏముంటుంది? తరవాతి ఏళ్లలో ప్రభుత్వం అయిదు వేల మందికి పైగా బాధితులుగా గుర్తించింది. ఎక్కువ సరుకు అమ్మిన ఆక్సీ కంపెనీ మాజీ అధిపతికి 2017 జనవరిలో కోర్టు ఏడేళ్ల జైలు వేసింది. పైకోర్టులో అది ఆరేళ్లయింది. జీవుల్ని చంపే రసాయనం ఏదైనా ముందు పరీక్ష, తరవాతే అమ్మకం అనే కొత్త చట్టం 2019లో అమల్లోకి వచ్చింది.

కొరియాలో జరిగింది రసాయనపు గాయం, మన కూలరుతో వచ్చేది బూజు మీద ఒంటి తిరుగుబాటు. రెండూ ఒకటి కావు. కానీ రెండింటి దారి ఒకటే, ట్యాంకు నుంచి వాయుకోశం దాకా. అందుకే కూలరు నీళ్లలో వాసన కోసం సెంటు చుక్కలు, దోమల కోసం ఫినాయిలు, శుభ్రతకని డెట్టాలు కలిపే అలవాటు చూస్తే నాకు గుబులు. నేల తుడిచే మందు నేలకే. సీసా మీద ఊపిరితిత్తి పరీక్ష సంగతి రాసి ఉండదు. శుభ్రం చెయ్యడమంటే కడిగి, కడిగినది పారబోసి, ఆరబెట్టడం. కలపడం కాదు.

చెయ్యాల్సిన పనులు పెద్దవి కావు. సీజను మొదట్లో గడ్డి మార్చండి. బూజు పట్టిన పాత గడ్డిని ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇంటి బయట తీయండి. వారానికోసారి ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, పాకుడు బ్రష్షుతో రుద్ది, ఆరాకే మళ్లీ నింపండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా ఎనిమిది, పది రోజులు పడుతుంది. ఫ్రైడే డ్రైడే అని ఆరోగ్య సిబ్బంది మీ వీధిలో చెబుతున్నది అందుకే. ఒక్క శుక్రవారంతో దోమా బూజూ రెండూ వదులుతాయి. పొద్దున్న కూలరు ఆపేముందు పంపు కట్టేసి, ఒట్టి ఫ్యాను కాసేపు నడిపి గడ్డి ఆరనివ్వండి. కూలరు నడుస్తున్నంతసేపూ ఎదురు కిటికీ తెరిచి ఉంచండి. ఉక్కపోత రోజున పంపు ఆపి ఫ్యానుతో సరిపెట్టుకోండి. బ్లీచింగుతో కడిగితే యంత్రం ఆగి ఉన్నప్పుడే కడిగి, నీళ్లతో బాగా జాడించండి. చిన్న హ్యుమిడిఫైయరు ఉంటే నీళ్లు రోజూ మార్చాలి, మూడు రోజులకోసారి తోమాలి, డిస్టిల్డ్ వాటర్ పోయాలి. నిజం చెప్పాలంటే, డెల్టాలో అది లేకపోయినా పిల్లలు పెరుగుతారు. ఇంట్లో ఒకరికి ఈ జబ్బని తేలితే మాత్రం శుభ్రం చేసి వాడటం చాలదు. ఆ యంత్రం ఇల్లు దాటాల్సిందే.

ఇక మిగిలింది వైద్యుల వంతు. రెండు వారాలు దాటిన దగ్గుతో వచ్చిన ప్రతి మనిషినీ మూడు ప్రశ్నలు అడగాలి. ఇంట్లో కూలరు గానీ హ్యుమిడిఫైయరు గానీ ఉందా, పక్షులున్నాయా, ఊరు మారితే తగ్గుతోందా? ఈ మూడూ ఓపీ చీటీ వెనక అచ్చు వేయించవచ్చు. డాక్టరుకు తీరిక లేకపోతే నర్సమ్మ అడగొచ్చు, ఆశా కార్యకర్త ఇంటి దగ్గరే అడగొచ్చు.

ఈ ధర్మనిధి నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే ఏడాది వడ్డీలో కొంత పక్కనపెట్టి ఆ మూడు ప్రశ్నలూ, ఇందాక చెప్పిన జాగ్రత్తలూ ఒక అరపేజీ కాగితంలో వేయించండి. కంకిపాడులో కూలర్లు, గడ్డి అమ్మే ప్రతి షాపుకూ ఒక కట్ట ఇవ్వండి. కొత్త గడ్డితోపాటు ఆ కాగితం కూడా ఇంటికి వెళుతుంది. మార్చిలో కూలర్లు అటక మీంచి దిగుతాయి కాబట్టి ఫిబ్రవరి నెలాఖరుకల్లా అచ్చు పూర్తి కావాలి. ఆ కాగితంలో ఏం రాయాలో కూర్చుని రాసిచ్చే బాధ్యత నాది.